ఫ్యాషన్ డిజైన్ పీజీ: 'ఇక్కత్ మీద రీసెర్చ్ చేస్తా' అంటే సరిపోదు.. ప్రపోజల్ ఓకే కావాలంటే ఏం రాయాలి?

ఫ్యాషన్ డిజైన్ పీజీ విద్యార్థులకు స్కెచ్ వేయమంటే చేయి ఆగదు. అదే రీసెర్చ్ ప్రపోజల్ రాయమంటే చాలామందికి పెన్ను కదలదు. మూడు పేజీలు రాసుకెళ్తే గైడ్ ఒకే మాట అంటారు.. 'టాపిక్ బాగుంది, ప్రశ్న ఏది?' అని. అసలు టాపిక్‌కు, ప్రశ్నకు తేడా ఏంటి? ప్రపోజల్‌లో ఏయే భాగాలు ఉండాలి? చేనేతపై పని చేసేవాళ్లు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? మన పుట్టపాక తేలియా రుమాల్‌నే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

డిజైన్ ప్రాజెక్ట్ వేరు.. రీసెర్చ్ వేరు

డిజైన్ ప్రాజెక్ట్ చివర్లో ఒక కలెక్షన్ వస్తుంది. రీసెర్చ్ చివర్లో ఒక సమాధానం రావాలి. మధ్యలో డ్రెస్‌లు కుట్టినా, అవి ఆ సమాధానం కోసం చేసిన ప్రయోగాలే. ప్రపోజల్ అంటే ఆ ప్రయాణానికి ముందే గీసుకునే మ్యాప్. ఏం తెలుసుకోవాలి, ఎందుకు, ఎలా, ఎంత టైంలో, ఎంత ఖర్చుతో.. ఈ ఐదింటికీ అందులో జవాబు ఉండాలి.

దేశంలో ఫ్యాషన్ చదువులకు పెద్ద పేరున్న నిఫ్ట్ 1986లో కేంద్ర జౌళి శాఖ ఆధ్వర్యంలో మొదలైంది. హైదరాబాద్ క్యాంపస్ 1995లో వచ్చింది. నిఫ్ట్‌లో మాస్టర్ ఆఫ్ డిజైన్ రెండేళ్ల కోర్సు. ఇలాంటి కోర్సుల్లో డిసర్టేషన్‌కు దొరికేది కొన్ని నెలలే. అందుకే ప్రపోజల్ ఎంత చిన్నగా, ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది. పేజీల సంఖ్య, ఫార్మాట్ ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటాయి. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఫార్మాటే ఫైనల్.

టాపిక్‌ను ప్రశ్నగా మార్చడం ఎలా?

'తేలియా రుమాల్, నేటి ఫ్యాషన్'.. ఇది టాపిక్. దీనిపై పుస్తకం రాయొచ్చు, ఆర్నెల్లలో రీసెర్చ్ చేయలేరు. మొదట ఆ వస్త్రం సంగతి తెలియాలి.

తేలియా రుమాల్ పుట్టింది చీరాల ప్రాంతంలో. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకకు పేరు తెచ్చిన నేత ఇదే. నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో పదే పదే నానబెట్టి ఆరబెడతారు. అందుకే ఆ నూనె వాసన, ఆ 'తేలియా' పేరు. సంప్రదాయంగా ఎరుపు, నలుపు, తెలుపు రంగులే ఎక్కువ. ఒకప్పుడు ఈ చతురస్రపు గుడ్డలు అరబ్ దేశాలకు తలపాగాలుగా వెళ్లేవి. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కు జీఐ గుర్తింపు వచ్చింది.

ఇది డబుల్ ఇక్కత్. అంటే పడుగు, పేక రెండింటికీ నేతకు ముందే లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులు వేస్తారు. మగ్గం మీద ఆ రెండు రంగులూ సరిగ్గా కలిస్తేనే గడుల్లో డిజైన్ కనిపిస్తుంది. ఇంత కష్టపడి నేసిన గుడ్డను కుర్తా కోసం మెడ దగ్గర, చంక దగ్గర గుండ్రంగా కత్తిరిస్తే ఏమవుతుంది? గడులు తెగిపోతాయి. మిగిలిన ముక్కలు మూల పడతాయి.

సమస్య ఇక్కడ దొరికింది. ఇప్పుడు ప్రశ్న ఇలా రాసుకోవచ్చు: 'తేలియా రుమాల్ గడుల డిజైన్ చెదరకుండా, కటింగ్‌లో మిగిలే గుడ్డ తగ్గేలా మహిళల కుర్తా ప్యాటర్న్ ఎలా తయారు చేయాలి?'

ఈ ప్రశ్నలో వస్త్రం ఏదో ఉంది. డ్రెస్ ఏదో ఉంది. కొలవగలిగే విషయం కూడా ఉంది. మామూలు ప్యాటర్న్‌తో ఒక కుర్తా, కొత్త ప్యాటర్న్‌లతో రెండు మూడు కుర్తాలు ఒకే సైజులో కత్తిరించి, మిగిలిన ముక్కల్ని తూకం వేస్తే చాలు. తేడా అంకెల్లో తెలుస్తుంది.

మల్లేశం చెప్పే పాఠం

మంచి ప్రశ్న లైబ్రరీలోనే దొరకాలని లేదు. పోచంపల్లి నేతలో 'ఆసు పోయడం' అనే పని ఉంటుంది. పిన్నుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి ఆడించాలని చెబుతారు. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూసి, ఆ పనికి మెషీన్ తయారు చేయాలనుకున్నారు. 1992లో మొదలుపెడితే 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రం సిద్ధమైంది. ఆయన బడి చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

'చేనేతను బాగు చేయాలి' అని ఆయన మొదలుపెట్టలేదు. ఒక పని, ఆ పనిలో ఒక నొప్పి, దానికో పరిష్కారం. పీజీ ప్రపోజల్‌కు కావాల్సిన సైజు కూడా అంతే.

ముందు ఎవరేం చేశారు?

దీన్నే లిటరేచర్ రివ్యూ అంటారు. చదివిన పుస్తకాల లిస్ట్ ఇచ్చేస్తే రివ్యూ అయిపోదు. ఎవరు ఎంతవరకు వెళ్లారు, ఎక్కడ ఆగారు అని చెప్పాలి. ఆ ఆగిన చోటే విద్యార్థి పని మొదలవుతుంది. దాన్నే గ్యాప్ అంటారు.

- శోధ్‌గంగ: దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా చదవొచ్చు. దీని తోడు సైట్ శోధ్‌గంగోత్రిలో ఆమోదం పొందిన ప్రపోజల్స్ ఉంటాయి. మొదటిసారి రాసేవాళ్లకు అవే మంచి నమూనాలు.
- చేనేత గణన: 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ కార్మికులు 35.22 లక్షల మంది. నేపథ్యం రాసేటప్పుడు ఇలాంటి అధికారిక అంకెలే వాడాలి.
- విదేశీ పరిశోధనలు: గుడ్డ వృథా లేని కటింగ్‌పై టిమో రిస్సానెన్ సిడ్నీ టెక్నాలజీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. కటింగ్‌లో సుమారు 15 శాతం గుడ్డ పోతుందని ఈ రంగంలో తరచూ వినిపించే అంచనా. దాన్ని కాపీ చేసి వదిలేయకుండా, డబుల్ ఇక్కత్‌లో డిజైన్ కలపాల్సి వచ్చినప్పుడు ఎంత పోతుందో కొలుస్తామని చెబితే అదే గ్యాప్.

మెథడ్: ప్రశ్నకు తగ్గ పనిముట్టు

డిజైన్ రీసెర్చ్‌లో తరచూ వినిపించే పేరు క్రిస్టఫర్ ఫ్రేలింగ్. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఉండగా 1993లో ఆయన ఈ పరిశోధనను మూడు రకాలుగా చెప్పారు. విదేశాల్లో రీసెర్చ్ డిగ్రీకి అప్లై చేసే తెలుగు విద్యార్థులకు కూడా ఈ తేడా పనికొస్తుంది.

1. డిజైన్ గురించి పరిశోధన: తేలియా రుమాల్ చరిత్ర, మార్కెట్ ఎలా మారిందో చూడటం.
2. డిజైన్ ద్వారా పరిశోధన: ప్యాటర్న్‌లు కత్తిరించి, కుట్టి, కొలిచి జవాబు వెతకడం.
3. డిజైన్ కోసం పరిశోధన: కలెక్షన్ చేసే ముందు రంగులు, మెటీరియల్, కస్టమర్ గురించి సమాచారం సేకరించడం.

మన ఉదాహరణ రెండో రకం. కాబట్టి మెథడ్‌లో శాంపిల్ తయారీ, తూకం, ఫొటో రికార్డు, వేసుకుని చూసినవాళ్ల అభిప్రాయం ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ప్రశ్న ప్యాటర్న్ గురించి ఉంటే, మెథడ్‌లో మాత్రం 'వంద మందికి ఆన్‌లైన్ ఫామ్ పంపుతాం' అని రాస్తారు. మీకు ఇక్కత్ ఇష్టమా అని వంద మందిని అడిగినా ప్యాటర్న్ సంగతి తేలదు.

నేతన్నను అడిగారా?

ప్రపోజల్‌లో ఎక్కువ మంది రెండు లైన్లతో వదిలేసే భాగం ఇదే. కానీ దీని వల్ల నష్టపోయేది విద్యార్థి కాదు, నేత కుటుంబం. కూలి పీసు లెక్కన వచ్చే ఇంట్లో ఒక పూట ఇంటర్వ్యూ అంటే ఒక పూట మగ్గం ఆగినట్టే. డిజైన్ ఫొటో తీసుకెళ్లాక అది ఏ ప్రింటింగ్ మిల్లుకు చేరుతుందో వాళ్లకు తెలియదు. అందుకే ఇవి ముందే రాయాలి:

- ఎందుకొచ్చారో తెలుగులో వివరించి అనుమతి తీసుకుంటారా? సంతకం రానివాళ్లకు ఏ పద్ధతి?
- ఫొటో, పేరు వాడొచ్చా అని విడివిడిగా అడుగుతారా?
- ఇంటర్వ్యూకు, శాంపిల్ నేతకు ఎంత చెల్లిస్తారు?
- కొత్త డిజైన్ ఇద్దరూ కలిసి చేస్తే థీసిస్‌లో, షోలో ఎవరి పేరు ఉంటుంది?
- పని పూర్తయ్యాక ఫలితాన్ని వాళ్లకు ఎలా చూపిస్తారు?

జీఐ గుర్తింపు ఉన్న పేరును ఇష్టమొచ్చినట్టు వాడటం కూడా కుదరదు. మిల్లు గుడ్డ మీద ఇక్కత్ డిజైన్ ప్రింట్ చేసి దాన్ని తేలియా రుమాల్ అనకూడదు. ప్రయోగం కోసం ప్రింట్ గుడ్డ వాడితే ఆ మాటే స్పష్టంగా రాయాలి.

టైం, ఖర్చు: మగ్గం లెక్క వేరు

'రెండో వారంలో గుడ్డ తెప్పిస్తాం' అని టైమ్‌లైన్‌లో రాస్తే, చేనేత తెలిసిన గైడ్ అక్కడే ఆపేస్తారు. నూలు శుద్ధి, కట్లు, రంగులు, ఆరబెట్టడం.. ఇవన్నీ అయ్యాకే మగ్గం. ఒక్క మీటరు కోసం ఎవరూ పడుగు వేయరు. వేస్తే వరుసగా కొన్ని పీసులు నేయాల్సిందే. వానాకాలంలో నూలు ఆరదు, గుంట మగ్గాల్లో చెమ్మ చేరుతుంది. పని ఇంకా నెమ్మదిస్తుంది.

తెలివైన దారి ఒకటుంది. మొదటి ప్రయోగాలు గడులు గీసిన కోరా గుడ్డపై చేయాలి. ప్యాటర్న్ కుదిరాకే అసలు రుమాల్ కత్తిరించాలి. ఖర్చూ తగ్గుతుంది, టైమూ మిగులుతుంది. బడ్జెట్‌లో గుడ్డ, నేత కూలి, ప్రయాణం, కుట్టు కూలి, ఫొటోలు, ప్రింటింగ్ విడివిడిగా చూపించాలి.

కాపీ కొడితే ఏమవుతుంది?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్, డిసర్టేషన్‌లో 10 శాతం వరకు పోలికకు పెనాల్టీ లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆర్నెల్లలోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం అయితే ఏడాది పాటు మళ్లీ సబ్మిట్ చేయనివ్వరు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇక ఏఐ టూల్స్ ఇచ్చే రిఫరెన్స్‌లను గుడ్డిగా నమ్మొద్దు. లేని పుస్తకాలను కూడా ఉన్నట్టు చూపిస్తాయి. తెరిచి చదివిన వాటినే ప్రపోజల్‌లో పెట్టాలి.

సబ్మిట్ చేసే ముందు ఒక్కసారి..

ప్రశ్న ఒకే వాక్యంలో ఉందా? ప్రతి లక్ష్యానికీ ఒక మెథడ్ ఉందా? చేయలేని వాటిని పరిమితుల్లో ఒప్పుకున్నారా? ఇవి చూసుకున్నాక ఇంకో పరీక్ష మిగిలే ఉంటుంది. ఆ ప్రశ్నను ఇంగ్లిష్ లేకుండా, మామూలు తెలుగులో ఒక నేత కార్మికుడికి చెప్పి చూడాలి. 'అది మా తాతల నాటి నుంచీ చేస్తున్నదే కదా' అంటే రివ్యూ సరిపోలేదని అర్థం. 'అట్ల కోస్తే గడి పోతది, ఇట్ల చేసి చూడు' అని గుడ్డ చేతిలోకి తీసుకుంటే మాత్రం ప్రపోజల్ సరైన దారిలో ఉన్నట్టే. ఆయన చెప్పిన మాటను ఆయన పేరుతోనే, అనుమతి తీసుకుని రాసుకోవాలి.