అంకెకు ఊరూ పేరూ

పటాన్‌చెరు నీటిని గురించి కథ రాసే రచయితకూ, సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థికీ ఇవాళ మొదటి ఆకరం ఇంటర్నెట్. అందులో ఆక్షేపించవలసిందేమీ లేదు. అక్కడ దొరికిన అంకెను దాని ఊరూ పేరూ అడగకుండా ఎత్తి రాయడమే ఆక్షేపణీయం.

1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ వెలిసింది. మందుల కర్మాగారాల వ్యర్థజలాలు ఇసుకవాగులో, నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయాయి. ఈ సంగతి ముందుగా తెలిసింది శాస్త్రజ్ఞులకు కాదు, బావినీళ్ళ రంగు మారిన రైతుకు. అయితే రైతు నోటిమాట సర్కారు దృష్టిలో సమాచారం కాదు గదా! 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టు కెక్కిన తరువాతనే ఆ మాటకు కాగితం మీద చోటు దొరికింది. 2001లో కేసు రాష్ట్ర హైకోర్టుకు బదిలీ అయింది.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించారు. దాదాపు 90 మందుల కర్మాగారాల మురుగు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయిన తరువాత బయటికి వచ్చే నీళ్ళను వరుసగా రెండు రోజులు పట్టి చూశారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు.

ఈ అంకె చేతులు మారే కొద్దీ 'శుద్ధి కేంద్రం', 'రెండు రోజులు' అన్న మాటలు రాలిపోతాయి. చివరికి 'పటాన్‌చెరు ప్రజలు తాగే నీళ్ళలో 31 మిల్లీగ్రాములు' అవుతుంది. తాగే నీళ్ళ లెక్క వేరే ఉంది. 2009లో అచ్చయిన మరో పరిశోధనలో ఈ ప్రాంతపు గ్రామాల బావులు పరీక్షించారు. కొన్నింటిలో ఇదే మందు, మరికొన్ని మందులూ లీటరుకు ఒక మైక్రోగ్రాముకు మించి కనిపించాయి. మైక్రోగ్రామంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. అంకె చిన్నదే, కాని అది ఊరి బావి. రెండు అంకెలనూ కలగాపులగం చేసిన రచయిత ప్రజల పక్షాన రాశాననుకుంటాడు. యాజమాన్యపు వకీలుకు ఆ ఒక్క పొరపాటు చాలు, బావి సంగతి కూడా కట్టుకథేనని కొట్టిపారేయడానికి.

ఇక వెదుకులాట. పటాన్‌చెరుకు ఆనుకొని ఉన్న బీరంగూడ పేరు కొట్టి చూడండి, ఇళ్ళ స్థలాల అమ్మకాలు బారులు తీరుతాయి. ముందు వచ్చింది ముఖ్యమైనదని కాదు, అమ్ముకునేవాడు ముందు నిలబడ్డాడని అర్థం. తీర్పులూ, పరిశోధన పత్రాలూ ఉన్నాయి, అడుగున ఉన్నాయి. దొరికినప్పుడు ఏ నీళ్ళు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఎవరు కొలిచారు అన్నవి అంకె పక్కనే నోటు పుస్తకంలో రాసుకోవాలి. తాను చూసిన తేదీ కూడా వేసుకోవాలి. ఇవాళ ఉన్న పుట రేపు ఉండకపోవచ్చు.

2007 నాటి పత్రం సారాంశం ఎవరైనా చదువుకోవచ్చు. పూర్తి పాఠం కావాలంటే ప్రచురణ సంస్థకు వెల చెల్లించాలి, డాలర్లలో. ఆ నీళ్ళు పారిన వాగు ఒడ్డున పొలం ఉన్న రైతుకైనా అదే వెల.