పోంజీ కూపన్లు, మన కాలపు నాణేలు

మన శనివారం విందుల్లో ఇళ్ళ ధరలు, పిల్లల కాలేజీల తరవాత ఈమధ్య తప్పకుండా వచ్చే మాట క్రిప్టో. ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "నెలకు ఇరవై శాతం వస్తోందటండీ, మా బావమరిది పెట్టాడు" అంటారు. అలాంటప్పుడు నేను బిట్‌కాయిన్ సంగతి పక్కన పెట్టి నూరేళ్ళ కిందటి బాస్టన్ కథ ఎత్తుకుంటాను. కొందరు విసుక్కుంటారు కూడా. కానీ ఆ కథ తెలిసినవారికి ఈ కథ సగం తెలిసినట్టే.

చార్లెస్ పోంజీ 1903లో ఇటలీ నుంచి ఓడలో వచ్చి బాస్టన్‌లో దిగాడు. మనలాగే వలస వచ్చినవాడు. చాలా ఏళ్ళు ఆ పనీ ఈ పనీ చేశాడు, మధ్యలో కెనడాలో ఫోర్జరీ కేసులో జైలుకీ వెళ్ళాడు. 1919లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక ఉత్తరంలో అతనికి అంతర్జాతీయ రిప్లై కూపన్ కనబడింది. జవాబు రాసేవారికి స్టాంపు ఖర్చు ముందే పంపడానికి దేశాల తపాలా శాఖలు 1906లో చేసుకున్న ఏర్పాటు అది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఇటలీ లీరా విలువ పడిపోయింది కానీ, కూపన్ ధర పాత లెక్కలోనే ఉండిపోయింది. అక్కడ చవగ్గా కొని ఇక్కడ స్టాంపులుగా మార్చుకుంటే లాభమే. కాగితం మీద ఇది అబద్ధం కాదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. పూర్తి అబద్ధాన్ని ఎవరూ నమ్మరు, అందులో కాస్త నిజం కలపాలి.

45 రోజుల్లో 50 శాతం లాభం అన్నాడు పోంజీ. మొదట వచ్చినవాళ్ళలో తోటి ఇటాలియన్లు చాలామంది. ముందు కట్టినవాళ్ళకు వెనక కట్టినవాళ్ళ డబ్బు ఇచ్చాడు. చేతికి డబ్బు వచ్చినవాడు ఊరుకుంటాడా? బంధువులను వెంటబెట్టుకొచ్చాడు. 1920 వేసవికి స్కూల్ స్ట్రీట్‌లోని ఆఫీసు ముందు జనం బారులు తీరారు.

బాస్టన్ పోస్ట్ పత్రిక ఈ సంగతేమిటో చూడమని ఆర్థిక పాత్రికేయుడు క్లారెన్స్ బారన్‌ను అడిగింది. ఆయన గూఢచారి పనేమీ చేయలేదు, లెక్క వేశాడు. అంత డబ్బుకు లాభం రావాలంటే 16 కోట్ల కూపన్లు కావాలి. ప్రపంచంలో చలామణీలో ఉన్నవి సుమారు 27 వేలు! ఇంకో ప్రశ్న కూడా వేశాడు. ఇంత గొప్ప వ్యాపారం చేతిలో ఉంటే, పోంజీ తన సొంత డబ్బు అందులో పెట్టకుండా స్థలాల్లో, బ్యాంకు వాటాల్లో ఎందుకు పెడుతున్నట్టు? ఆ వార్త వచ్చాక జనం ఆఫీసు మీదికి వస్తే, పోంజీ వాళ్ళకు కాఫీ, డోనట్లు పంచాడు. చాలామంది శాంతించి డబ్బు తీసుకోకుండానే ఇళ్ళకు వెళ్ళిపోయారు. అదే ఆగస్టులో అతను అరెస్టయ్యాడు. అతనితోపాటు కొన్ని బ్యాంకులూ మునిగాయి.

ఇప్పుడు బిట్‌కనెక్ట్ చూడండి. 2016లో మొదలైంది. మార్కెట్ ఎగుడుదిగుడుల మీద లాభం తీసే సాఫ్ట్‌వేర్ ఉందన్నారు, నెలకు 40 శాతం దాకా వస్తుందన్నారు. కూపన్ స్థానంలో సాఫ్ట్‌వేర్ వచ్చింది, అంతే. బారన్ పద్ధతిలో లెక్క వేద్దాం. రోజుకు ఒక్క శాతమే వచ్చి, దాన్ని తిరిగి అందులోనే పెడితే, వెయ్యి డాలర్లు మూడేళ్ళలో 5 కోట్ల 39 లక్షల డాలర్లవుతాయి. అలాంటి సాఫ్ట్‌వేర్ ఉన్నవాడికి మన వెయ్యి దేనికి? 2018 జనవరి 4న టెక్సస్ సెక్యూరిటీస్ బోర్డు ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. ఆ నెల 16న అప్పు పథకం మూసేశారు, నాణెం కుప్పకూలింది. పోయింది 240 కోట్ల డాలర్లని అమెరికా న్యాయశాఖ లెక్క. స్థాపకుడని అభియోగం మోపింది గుజరాత్‌కు చెందిన సతీశ్ కుంభానీ మీద, 2022 ఫిబ్రవరిలో.

వన్‌కాయిన్ ఇంకా విచిత్రం. 2014లో బల్గేరియాలో పుట్టిన ఆ నాణేనికి అసలు నిజమైన బ్లాక్‌చైనే లేదు. 2017 ఏప్రిల్‌లో నవీ ముంబైలో సభ పెట్టి జనాన్ని చేర్చుకుంటుంటే పోలీసులు 18 మందిని పట్టుకున్నారు. నాయకురాలు రుజా ఇగ్నాతోవా ఆ అక్టోబరులో విమానమెక్కి మాయమైంది. 2022లో ఎఫ్‌బీఐ ఆమెను పదిమంది ప్రధాన నిందితుల జాబితాలో చేర్చింది.

వీటన్నిటిలో డబ్బు నడిచే దారి మనుషుల మధ్య నమ్మకమే. మన అగ్రిగోల్డ్ సంగతి గుర్తు తెచ్చుకోండి. అది క్రిప్టో కాదు, కానీ ఊళ్ళో డబ్బు వసూలు చేసిన ఏజెంటు మేనత్త కొడుకో, పొరుగింటి మాస్టారో. వాళ్ళలో చాలామంది తామూ కట్టి నష్టపోయారు. విందులో చెప్పిన బావమరిది కూడా అబద్ధం చెప్పడం లేదు. అతని తెర మీద లాభం నిజంగానే కనబడుతోంది.

ఇప్పటి రకం మోసానికి ఆ బావమరిది కూడా అక్కర్లేదు. "నంబరు పొరపాటండీ" అంటూ ఫోనుకు ఒక సందేశం వస్తుంది, వారాల తరబడి స్నేహం నడుస్తుంది, ఆ తరవాత ఒక యాప్. మొదట చిన్న మొత్తం వెనక్కి తీసుకోనిస్తారు. పెద్ద మొత్తం అడిగితే ముందు పన్ను కట్టాలంటారు. నిజమైన పన్ను ప్రభుత్వానికి కడతాం కానీ యాప్ వాడికి కాదు కదా! ఆ సందేశాలు టైపు చేసేవాళ్ళలో కొందరు బందీలు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్ళిన మన కుర్రాళ్ళను నిర్బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. కొందరిని మన రాయబార కార్యాలయం ఇంటికి పంపింది.

అందుకే ఎవరైనా నన్ను అడిగితే, లాభం ఎంతని కాక, అది ఎక్కణ్ణుంచి వస్తోందని అడగమంటాను. అమ్మేవారి పేరు మీ రాష్ట్ర సెక్యూరిటీస్ శాఖలో ఉందో లేదో ఫోను చేసి కనుక్కోవచ్చు, దానికి ఖర్చు లేదు. ఇప్పటికే పెట్టినవారు సిగ్గుపడి దాచుకోకుండా ఎఫ్‌బీఐ వారి ఐసీ3లో వెంటనే ఫిర్యాదు చేయాలి. పోయిన డబ్బు ఫీజు తీసుకుని తెచ్చిపెడతామని వచ్చేవాళ్ళు మళ్ళీ ఆ బాపతే.

ఇక వెనక్కి వచ్చేది ఎంతంటారా? 2023 జనవరిలో శాన్ డియాగో కోర్టు బిట్‌కనెక్ట్ బాధితులకు పరిహారం ఇప్పించింది. 240 కోట్లలో 1 కోటి 70 లక్షల డాలర్లు, 40కి పైగా దేశాల్లోని సుమారు 800 మందికి.