ఎక్స్‌రే టెక్నీషియన్ ఛాతీ మీది బ్యాడ్జి కథ
మన మంచిర్యాల జిల్లాలో శ్రీరాంపూర్, మందమర్రి వైపు బొగ్గుబాయి కార్మికుల ఇండ్లల్ల ఛాతీ ఎక్స్‌రే తెలియనోళ్లు ఉండరు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందా అని చూసేది దాంతోనే కదా.

రాంట్‌జెన్ ఈ కిరణాలను 1895లో కనిపెట్టిండు. వీటితో ప్రమాదమని అప్పుడు సరిగ్గా తెలియదు. ఎడిసన్ దగ్గర పనిచేసే క్లారెన్స్ డాలీ, ట్యూబుల ముందు తన చేతులే పెట్టి చూసేవాడు. రెండు చేతులూ తీసేశారు. అయినా 1904లో క్యాన్సర్‌తో చనిపోయాడు.

మన దేశంలో 1983లో అణుశక్తి నియంత్రణ మండలి వచ్చింది. హాస్పిటల్లో ఎక్స్‌రే మిషన్ నడపాలంటే దాని అనుమతి ఉండాలి. టెక్నీషియన్ ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టి ఉంచుతది. ఐదేండ్ల సగటు తీస్తే ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటొద్దు.

గర్భంతో ఉంటే ఎక్స్‌రేకి ముందే చెప్పండి. తోడొచ్చినోళ్లు బయటే ఉండండి. డాలీకి ఈ మాట చెప్పేటోళ్లు లేకపోయిరి.