బాట లేని చోట బండి

డబ్బిచ్చి మరీ గతుకుల్లో పడడం కూడా ఒక సరదాయేనని చెబితే మా అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు. ఆవిడ ఖానాపూర్ దగ్గరి పల్లె నుంచి నిర్మల్‌కు కాపరానికి వచ్చినావిడ. "మేం ఊకెనే పడ్డం గద బిడ్డా, టిక్కెట్టెవ్వరు అడగలే" అన్నారు.

కాలిఫోర్నియాలో ఈ సరదా కోసం 1971లో ఏకంగా చట్టమే చేశారు. అప్పటికి అక్కడి కుర్రకారు మోటారు సైకిళ్ళూ, జీపులూ వేసుకుని కొండలనక, ఇసుక దిబ్బలనక తొక్కేస్తూంటే నేల గుల్లయిపోతోందని గోల పుట్టింది. "సరే, మీకంటూ కొంత చోటు ఇస్తాం, అక్కడే తిరగండి. పాడైన నేలను బాగుచేసే ఖర్చు కూడా మీరే పెట్టుకోండి" అన్నది ప్రభుత్వం. అలా 1975లో హోలిస్టర్ హిల్స్ అనే చోట పార్కు తెరిచారు. పిల్లలు ఆ దేశంలో ఉన్న తల్లులు ఈపాటికి దాని ఫోటోలు చూసే ఉంటారేమో.

మన నిర్మల్ వైపు అలాంటి పార్కు లేదు. దానికి దగ్గర చుట్టం ఒకటుంది, కవ్వాల్ అడవిలో జీపు సవారీ. ఖానాపూర్, కడెం మీదుగా జన్నారం వెళ్ళి, టిక్కెట్టు తీసుకుని, పైకప్పు లేని బండెక్కాలి. 1965లో అభయారణ్యమై, 2012లో టైగర్ రిజర్వు అయిన అడవి అది. పులి కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. జింకలు మాత్రం మొహమాటం లేకుండా కనిపిస్తాయి.

నాకు పులికంటే ఆ దారుల మీదే మనసుపోయింది. నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు కొండెక్కించే మహబూబ్ ఘాట్‌కు ఆరో నిజాం పేరు పెట్టుకున్నారు. ఆ పెద్ద దారి వదిలి పక్కకు దిగితే ఒకప్పుడు అన్నీ బండి జాడలే. టేకు దుంగలు ఆ జాడల్లోనే బయటికొచ్చాయి. మన షోకేసుల్లో ముద్దుగా కూర్చునే నిర్మల్ బొమ్మలున్నాయే, వాటి పొనికి కర్ర కూడా అడవి నుంచి రావలసిందే. ఆడవాళ్ళ ప్రయాణమంటే కలిగినవాళ్ళకు గూడు కట్టిన కచ్చురం, లేనివాళ్ళకు కాళ్ళు. మా పెద్ద ఆడబడుచు ఆ కచ్చురంలోనే పుట్టింది. కడెం వాగు నిండుగా వస్తోందట. పొద్దుగూకేదాకా ఇవతలి గట్టునే ఆగిపోయారట. తల్లీబిడ్డా బతికి బట్టకట్టారు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటున్నారు.

ఇక జీపు సంగతి. రోడ్డు లేకపోయినా నడిచే చిన్న బండి కావాలని అమెరికా సైన్యం అడిగితే బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో మొదటి నమూనా చేసిచ్చింది. అది 1940. సరిగ్గా ఆ ఏడే మన జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. తర్వాత గోండుల బాధలేమిటో చూసి రమ్మని ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దొరను పంపింది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో మకాం పెట్టాడు. 1987లో పోయిన ఆ ఇల్లాలి సమాధి ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. అడవిని చూడ్డానికి వచ్చి అడవిలోనే ఉండిపోయిన మనిషి ఆవిడ.

యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. 1947 నుంచి మహీంద్రావాళ్ళు విడిభాగాలు తెప్పించి మన దేశంలోనే బిగించడం మొదలుపెట్టారు. 1952లో బ్లాకులు వచ్చాయి. యుద్ధానికి పుట్టిన బండి బి.డి.ఓ. గారి బండి అయింది. నా చిన్నతనంలో కూడా పల్లెలో జీపు చప్పుడు వినబడితే మగవాళ్ళు తువ్వాలు సర్దుకునేవారు, ఆడవాళ్ళు తలుపు దగ్గరికి వేసేవారు. శిస్తుకో, కుటుంబ నియంత్రణకో, ఎవరి భయం వారిది! ఆ బండిని సరదాకి ఎక్కుతామని అప్పట్లో ఎవరైనా అంటే నవ్విపోయేవారు.

బండిని భక్తిగా ఎక్కేవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్ళు ఛకడా బండ్లు కట్టుకుని వస్తారు. ఆ వంశంలో కొత్త కోడళ్ళు నాగోబా దర్శనం చేసుకుంటే గాని పూర్తిగా ఇంటివాళ్ళయినట్టు కాదు. అత్తవారింటి పరీక్షలు ఎక్కడైనా ఉన్నవే గానీ, ఎడ్లబండి మీద అడవి దాటి వెళ్ళి ఇచ్చే పరీక్ష ఇదొక్కటేనేమో.

అదే కవ్వాల్‌లో, కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ ఊళ్ళవాళ్ళను పులికి చోటు కావాలని 2024లో అడవి బయటి కాలనీకి తరలించారు. కొందరు భూమి తీసుకున్నారు, కొందరు డబ్బు. బడీ, ఆస్పత్రీ దగ్గరయ్యాయి. పురిటి నొప్పులొస్తే వాగు అడ్డం రాదు. అది చిన్న లాభమని నేననను. కానీ ఇప్పచెట్టు కింద తెల్లవారుజామున పువ్వు ఏరుకునే ఆడవాళ్ళు చెట్టును వెంట తీసుకుపోలేరు కదా! పుట్టి పెరిగినవాళ్ళు బయటికి వస్తూంటే మనం టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళడం, ఎంత సర్దిచెప్పుకున్నా, నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

జన్నారంలో నేనెక్కిన జీపు డ్రైవరుకు ఇవేవీ చెప్పలేదు. "గట్టిగ పట్టుకోండ్రమ్మా" అని వాగులోకి దింపాడు. ఒడ్డెక్కాక బురదలో చక్రం జారుతుందేమోనని నేను సీటు ఊచ పట్టుకుంటే, ముందు నేల మీద లోతుగా పడి, మధ్యలో గడ్డి మొలిచిన రెండు గాడులు చూపించాడు.

"ఎన్కటి కలప బండ్ల జాడనమ్మా ఇది. గండ్లనే పోనిస్త, టైరు జారది."