పత్తి గింజల చెక్క (కోళ్ల మేత)

పత్తి గింజల నుంచి నూనె తీశాక మిగిలే మాంసకృత్తుల మేత. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పత్తి విరివిగా పండుతుంది కనుక, కోళ్ల దాణాలో సోయా చెక్క ఖరీదైనప్పుడు ఇక్కడ ముందుగా పరిశీలించవలసింది దీన్నే. పొట్టు తీసిన గింజల చెక్కలో సుమారు 40 శాతం మాంసకృత్తులుంటాయి. పొట్టుతో ఆడించినదాంట్లో 22–24 శాతమే. పీచు ఎక్కువ, పశువులకు సరిపోతుంది గాని కోడికి కాదు.

అసలు చిక్కు గింజలోని గాసిపాల్ అనే విష పదార్థం. గింజను అడ్డంగా కోస్తే పప్పులో కనిపించే ముదురు చుక్కలు దాని గ్రంథులే. ఇది అమైనో ఆమ్లమైన లైసిన్‌ను ఒంటికి పట్టనివ్వదు, కోడిపిల్లల ఎదుగుదలను తగ్గిస్తుంది. దీని వల్ల నిల్వ ఉంచిన గుడ్లలో పచ్చసొన ఆకుపచ్చ, గోధుమ రంగులకు తిరుగుతుంది. గింజ నూనెలోని కొన్ని కొవ్వు ఆమ్లాల వల్ల తెల్లసొన గులాబీ రంగు పట్టవచ్చు. అలాంటి గుడ్డును ఎవరూ కొనరు. అందుకే గుడ్ల కోళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే అందులోని ఇనుము గాసిపాల్‌ను బంధిస్తుంది. లైసిన్‌ను విడిగా చేర్చాలి.

బీటీ పత్తి గింజలోనూ గాసిపాల్ ఉంటుంది. గింజలో అది బాగా తగ్గిన పత్తిని టెక్సాస్‌లో శాస్త్రవేత్త కీర్తి రాథోర్ బృందం రూపొందించింది. దాని వాడకానికి 2019లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి లభించింది.

తడి తగిలిన చెక్కకు బూజు పడుతుంది. గాసిపాల్‌తో పాటు బూజు వల్ల పుట్టే విషమైన అఫ్లాటాక్సిన్ పరీక్ష కూడా చేయించకుండా దాన్ని దాణాలో కలపకూడదు.