గంప కింద రెండో పుంజు

ఇయ్యాల ఝరాసంగం నుంచి మన ముచ్చట పుంజుల గురించి. పందెం పుంజులు కాదు, ఇంటెనక దొడ్లో తిరిగే పుంజులు. పొదిగిన గుడ్లలో దాదాపు సగం పుంజులే అయితయి. పది పిల్లలు బతికితే నాలుగైదు పుంజులు. పెట్టలకు మాత్రం అన్ని అక్కర్లేదు, ఎనిమిది పది పెట్టలకు ఒక్కటి చాలు. మరి మిగిలినవాటిని ఏం చేయాలె? మనిషి కోడిని పెంచుడు మొదలుపెట్టిన్నాటి నుంచి ఉన్న ప్రశ్న ఇది.

మన నాటుకోడికి మూలం ఎర్ర అడవికోడి. అడవిలో ఓడిన పుంజు దూరం పోయి బతుకుతది. దొడ్లో చుట్టూ గోడ, పారిపోదామంటే జాగ లేదు. రక్తాలు కారేది అందుకే.

దీనికి పాత జవాబు ఒకటి అశోకుడి శాసనంలో కనబడుతది. పట్టాభిషేకం అయిన 26 ఏళ్లకు వేయించిన అయిదో స్తంభ శాసనంలో, చంపకూడని జంతువుల పేర్లతో పాటు, పుంజులకు విత్తులు తీయొద్దని ఒక ఆజ్ఞ ఉంది. వద్దన్నాడంటే అప్పటికి జనం చేస్తున్నట్టే కదా! విత్తులు తీసిన పుంజుకు కొట్లాట తగ్గుతది, కొవ్వు పడుతది. కానీ కోడికి విత్తులు కడుపు లోపల, వెన్ను కింద ఉంటయి. బతికున్న పుంజును పక్కన కోసి తీయాలె. ఆ బాధ చూసే వద్దన్నాడని నేననుకుంట. మన కర్నూలు దిక్కు ఎర్రగుడిలో ఉన్న అశోకుడి శాసనాలు వేరు, ఈ మాట కోసం అక్కడికి పోకండి.

తెలుగు నేల మీద ఇంకో దారి పట్టిన్రు. కొట్లాటనే ఆట చేసిన్రు. 12వ శతాబ్దపు పల్నాటి కథ తెలిసిందే: నాయకురాలు నాగమ్మ పుంజు, బ్రహ్మనాయుడి పుంజు. ఓడినోళ్లు ఏడేండ్లు రాజ్యం విడిచిపోవాలె. ఓడింది బ్రహ్మనాయుడి పక్షం, ఆఖరికి కారెంపూడిలో యుద్ధం. కుక్కుట శాస్త్రమైతే డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగులు పెట్టి, ఏ రోజు ఏది గెలుస్తదో చెప్పింది. గెలుపు గురించి ఇంత రాసినోళ్లు, రెండు పుంజులు ఒకే దొడ్లో ఎట్ల బతకాలో రాయకపాయె. ఆ విద్య కాగితం ఎక్కలే, ఇంట్ల ఆడోళ్ల చేతుల్లోనే ఉండిపోయింది.

వాళ్ల పద్ధతి చూస్తే ముచ్చటేస్తది. కూత నేర్వంగనే పుంజుల్ని ఏరుతరు. మంచిది ఒకటి దొడ్లో ఉంటది. ఒకటి పోచమ్మ మొక్కుకు. ఒకటి చుట్టాలొస్తే కూరకు. మిగిలినవి అంగడికి, ఎందుకంటే నాటు పుంజుకు పెట్ట కన్నా ధర ఎక్కువ పలుకుతది. కొట్లాట మొదలైతే రెండోదాన్ని గంప కింద కమ్ముతరు. మా మండలంలోని మాచ్‌నూర్‌లో 2008 నుంచి ఊరి ఆడోళ్లే నడిపే సంఘం రేడియో ఉంది. ఇసొంటి విద్యను వాళ్ల నోటి నుంచే వినాలె.

ఇదే విషయం సైన్సుకు ఆలస్యంగా దొరికింది. నార్వే దేశపు షెల్డెరుప్ ఎబ్బె 1920ల మొదట్లో కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరుస ఉంటదని రాసిండు. 2015లో జపాన్ పరిశోధకులు ఇంకో తమాషా చూపించిన్రు: గుంపుల పెద్ద పుంజు ముందు కూస్తది, మిగిలినవి వరుస ప్రకారం ఆగి కూస్తయి. పెద్ద పుంజును తీసేస్తే రెండోది ముందు కూస్తది. అంటే వరుస తేలిన దొడ్లో కొట్లాట తక్కువ. కొత్త పుంజును తెచ్చి నడుమ వదిలితే వరుస మళ్లీ మొదటికొస్తది.

ఇంక ఫారాల లెక్క వేరే. గుడ్ల కోసం పెంచే జాతిలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసం పట్టదు. అందుకే హేచరీల్లో పుట్టిన రోజే చంపేస్తరు. జర్మనీ 2022లో దాన్ని నిషేధించింది. మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా పెరటికోసం, గుడ్డుకూ మాంసానికీ పనికొస్తది, కాబట్టి పుంజు దండుగ కాదు.

ఇంట్ల పెంచేటోళ్లు ఒకటి గమనించండి. ఒక్క ఈతలో కలిసి పెరిగిన అన్నదమ్ముల్ని విడదీయకుంటే చాలామట్టుకు సర్దుకుంటయి. అసిల్ రకమైతే ఆ ఆశ పెట్టుకోవద్దు, మొదట్నుంచే వేరు జాగ చూడాలె. సరదాకు రెండింటిని ఎగేస్తే మాత్రం 1960 జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. పెట్టల వీపు మీద, మెడ దగ్గర ఈకలు ఊడి చర్మం కనబడుతుందా? అయితే మీ దొడ్లో ఒక పుంజు ఎక్కువున్నట్టే. వచ్చే అంగడికి ఏది పోవాలో ఇప్పుడే చూసుకోండి.