గజానికి 90 పౌన్లు
భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమయింది. ఈ మధ్యలోనే, 1958 అక్టోబరులో, మన దేశంలో మెట్రిక్ తూనికలు అమలులోకి రాసాగాయి. సోవియట్ ఇంజనీర్ల లెక్కలు మీటర్లలో. మన పాత రైలు పట్టాలేమో గజాలు, పౌన్లలో!

మీరే చేసి చూడండి. గజానికి 90 పౌన్ల పట్టా మీటరుకు ఎన్ని కిలోలు? 90ని 0.4536తో గుణిస్తే 40.8. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గజమంటే 0.9144 మీటరు కదా, దానితో భాగిస్తే 44.6. కిలోమీటరు పొడవు పట్టాకు తేడా 3.8 టన్నులు!

మ్యాథ్‌క్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌కు అంకెతోపాటు ప్రమాణాన్నీ ఇస్తే ఈ మార్పిడి అదే చేస్తుంది. పౌన్లను మీటర్లతో కూడమంటే ఒప్పుకోదు. ఉత్త 90 ఇచ్చారో, మారుమాట్లాడదు. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నాశనమయింది ఇలాగే: ఒక బృందం పౌన్-సెకన్లలో ఇచ్చిన అంకెలను మరో బృందం న్యూటన్-సెకన్లనుకుంది.